నూట ఎనభై ఆరుగురు హైమావతులు

కాకినాడలోని గోనెసంచుల సంచాలక కార్యాలయంలో పనిచేసే నూట ఎనభై ఆరుగురూ ఉదయం పదింటికి గేటు దగ్గర మెషిన్ మీద వేలు పెట్టి, పోణంగి హైమావతి అయిపోయి లోపలికి వెళ్తారు. సాయంత్రం అయిదున్నరకు మళ్ళీ వేలు పెట్టి, ఎవరి మనుషులు వాళ్ళయి ఇళ్ళకు పోతారు. మూడేళ్ళుగా ఇలాగే జరుగుతోంది. మొదటి వారం కొంచెం ఇబ్బందిగా ఉండేది కానీ ఆ తరువాత అందరికీ అలవాటైపోయింది. కొత్త కుర్చీలు వేసినప్పుడు కూడా ఇంతే, మొదటి వారం నడుము నొప్పులన్నారు.

అసలు హైమావతి అదే కార్యాలయంలో తపాలా విభాగంలో సీనియర్ అసిస్టెంటు. వయసు అరవై ఒకటి దాటింది. ఆమెను ఈ నూట ఎనభై ఆరుగురిలో లెక్కపెట్టలేదు. మెషిన్ కూడా లెక్కపెట్టడం లేదు.

జరిగింది చిన్న విషయమే. కార్యాలయంలో ఎవరెవరు పనిచేస్తున్నారు, ఎవరి హోదా ఏమిటి, ఎవరు ఏ గది తలుపు తీయవచ్చు, ఏ కాగితం చూడవచ్చు అన్న వివరాలన్నీ నెట్‌వర్క్ మీద ఒకచోట ఉంటాయి. దాన్ని డైరెక్టరీ అంటారు. గేటు దగ్గర కొత్తగా పెట్టిన మెషిన్, వేలు పెట్టిన ప్రతి మనిషి గురించీ వెళ్ళి ఆ డైరెక్టరీని అడగాలి. డైరెక్టరీ ఊరికే చెప్పదు. వచ్చినవాళ్ళను ముందు నువ్వెవరు, నీ పాస్‌వర్డ్ ఏమిటి అని అడుగుతుంది. అంచేత మెషిన్‌కు తనకంటూ ఒక పేరూ ఒక పాస్‌వర్డూ కావాలి. మెషిన్‌కు పేరు పెట్టాలంటే ప్రధాన కార్యాలయం అనుమతి కావాలి. ఫైలు వెళ్ళింది. పసిపిల్లకు ఇరవై ఒకటో రోజున పేరు పెట్టేస్తారు గానీ మెషిన్‌కు ఏడు నెలలైనా బారసాల కాలేదు.

ప్రారంభోత్సవం తేదీ మాత్రం వచ్చేసింది. మెషిన్‌కు ప్రోగ్రామ్ రాయడానికి కాంట్రాక్టు కంపెనీ తరఫున వచ్చిన ఫణీంద్ర అనే నలభై ఏళ్ళాయన, ముందురోజు సాయంత్రం కార్యాలయమంతా తిరిగి, ఎవరిదైనా పేరూ పాస్‌వర్డూ రెండు రోజులకు ఇవ్వమని అడిగాడు. ఇవ్వడానికి ఎవరి దగ్గరా లేవు. అందరూ పాస్‌వర్డును చీటీ మీద రాసి కీబోర్డు కింద అంటించుకున్నవాళ్ళే. దసరాకు ఆయుధపూజ చేస్తూ కంప్యూటర్లన్నీ తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి బొట్లు పెట్టినప్పుడు ఆ చీటీలన్నీ చెత్తలో కలిశాయి. అప్పటినుంచి కార్యాలయం మొత్తం మీద పాస్‌వర్డు నోటికి గుర్తున్నది హైమావతి ఒక్కతికే. తక్కినవాళ్ళు ఉదయాన్నే ఆమెను పిలిచి తమ కంప్యూటర్లు తెరిపించుకునేవాళ్ళు.

"మేడం, మీ పేరు పెట్టేదాండీ? సోమవారం తీసేస్తాను," అన్నాడు ఫణీంద్ర.

"దానికేం భాగ్యం, పెట్టుకోండి," అంది హైమావతి. పక్కింటావిడ గిన్నె పట్టుకొచ్చి తోడుకు పెరుగు అడిగితే లేదనే అలవాటు ఆమెకు లేదు.

ఫణీంద్ర ప్రోగ్రాములో రెండు వరుసలు రాశాడు. ఒకదానిలో ఆమె పేరు, రెండోదానిలో ఆమె పాస్‌వర్డు. మెషిన్ డైరెక్టరీ లోపలికి వెళ్ళాక, ఇంతకీ గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఎవరు అని అడిగే వరుసలు కూడా రాయాలి. అవి రాసేలోగా అతని బస్సుకు వేళయింది. సోమవారం అతనికి వేరే ఊళ్ళో పని పడింది.

మర్నాడు ఉదయం ఎవరు వేలు పెట్టినా మెషిన్ డైరెక్టరీ దగ్గరికి వెళ్ళి, నేను పోణంగి హైమావతిని అని చెప్పింది. అయితే లోపలికి రా అంది డైరెక్టరీ. తలుపు తెరుచుకుంది. వచ్చినవాళ్ళంతా హైమావతిగానే వచ్చారు.

ఒకరి పేరుతో లోపలికి వచ్చినప్పుడు పేరొక్కటే రాదు. ముందుగా ఎడమ మోకాలు నొప్పి వచ్చింది. రెండో అంతస్తుకు మెట్లెక్కేవాళ్ళందరూ ఒకే మెట్టు దగ్గర ఆగి, ఒకే చెయ్యి మోకాలి మీద వేసి, అమ్మా అనుకుని మళ్ళీ ఎక్కారు. పదకొండింటికి ఇంట్లో గ్యాస్ కట్టేశానా లేదా అన్న అనుమానం వచ్చింది. నూట ఎనభై ఆరుగురూ పని ఆపి హైమావతి భర్త వైకుంఠరావుకు ఫోన్ చేశారు. ఆయన మొదటి ఏడుగురికి వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చి మరీ కట్టేసే ఉందని చెప్పాడు. ఎనిమిదో ఫోన్‌కు విసుక్కున్నాడు. ఇప్పుడు రోజూ పదకొండు నుంచి పదకొండున్నర దాకా ఫోన్ ఆపేసి పేపరు చదువుకుంటాడు.

కార్యాలయానికి ఇది బాగా కలిసొచ్చింది. ఖాళీ గదుల్లో ఫ్యాన్లు తిరగడం మానేశాయి. వచ్చిన కవర్లను జాగ్రత్తగా విప్పి, తిరగేసి అంటించి మళ్ళీ వాడటం మొదలైంది. నాలుగున్నరకే గేటు దగ్గర గుమిగూడటం పోయింది. ఏ ఫైలు ఏ బీరువాలో ఏ అరలో ఉందో ఎవరిని అడిగినా చెప్తారు. పైగా ఆ వెతికేదేదో వాళ్ళే వెతికి, దుమ్ము దులిపి, చేతికిస్తారు. ఆ ఏడు కార్యాలయానికి ప్రశంసాపత్రం వచ్చింది. సంయుక్త సంచాలకుడు శరభయ్య దాన్ని కార్యాలయం హాల్లోనే అందుకున్నాడు. ఫోటోలో ఆయన లేని కొంగుతో అద్దాన్ని తుడుస్తున్నట్టుగా చెయ్యి పెట్టి ఉన్నాడు.

ఇళ్ళ దగ్గర నుంచి కూడా ఫిర్యాదులు లేవు. అయిదున్నరకు మనుషులు మామూలైపోయినా, పట్టిన వాసన వెంటనే వదలదు కదా, మరో అరగంట ఉంటుంది. ఆ అరగంటలో మగవాళ్ళు ఇల్లు చేరి దండెం మీది బట్టలు తీసి మడతపెడతారు. సరిగ్గా ఆరింటికి చేతిలో సగం మడిచిన దుప్పటితో ఆగిపోయి, ఇదేమిటని చూసుకుంటారు. ఉద్యోగుల భార్యలు పదకొండుమంది కలిసి వచ్చి, ఆ అరగంటను ఏడున్నర దాకా పొడిగించే వీలుందేమో చూడమని ఒక వినతిపత్రం ఇచ్చారు. అది పరిశీలనలో ఉంది.

ఇబ్బంది ఒక్క హైమావతికే. ఆమె బస్సు దిగి వచ్చేసరికి పది దాటి ఒకటి రెండు నిమిషాలవుతుంది. వేలు పెడితే మెషిన్, మీరు ఇప్పటికే లోపల ఉన్నారు అంటుంది. మెషిన్ చెప్పేది నిజమే. దాంతో ఆమె రోజూ గేటు బయట కాపలా గదిలో సందర్శకుల చీటీ రాయించుకుని వెళ్ళాలి. వాచ్‌మన్ నూకరాజు గేటు బయటే ఉంటాడు కాబట్టి అతను నూకరాజే.

"ఎవరి కోసమండీ?" అంటాడు అతను, పెన్ను తీసి.

"హైమావతి."

"ఆవిడగారు లోపలే ఉన్నారండి. పనేటండి?"

"సొంతం."

"ఆయ్," అని నూకరాజు చీటీ చింపి ఇస్తాడు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా అతను ఆమెను ఎగతాళి చెయ్యలేదు. చీటీ లేకుండా పంపనూ లేదు.

తొంభై రోజులకొకసారి అందరూ పాస్‌వర్డు మార్చుకోవాలని నిబంధన ఉంది. హైమావతి మార్చుకుంటే ప్రోగ్రాములో రాసిన పాత పాస్‌వర్డు పనికిరాకుండా పోతుంది, గేటు తెరుచుకోదు. కనుక తాను ఎన్నటికీ మార్చుకోనని ఆమె చేత ఒక హామీపత్రం రాయించుకున్నారు. ఆ పాస్‌వర్డు, గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో వార్డెనుకు తెలియకుండా పెంచిన ఒక పిల్లి పేరు, పక్కన గది నంబరు. పిల్లిని పెంచింది ఇద్దరు. రెండోది మెహరున్నీసా. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక లెక్కల విభాగం సూపరింటెండెంటు కిటికీ దగ్గర నిలబడి, తానెన్నడూ చూడని ఆ పిల్లిని తలుచుకుని నిట్టూరుస్తుంటాడు. ఇంట్లో వైకుంఠరావుకు ఆ పిల్లి సంగతి తెలియదు. ఆయన అడగలేదు, ఈమె చెప్పే సందర్భం రాలేదు.

మెహరున్నీసా బాపట్లలో బడి టీచరుగా చేసి రిటైరైంది. నెలకు రెండుసార్లు ఫోన్ చేస్తుంది.

"ఏమే హైమా, జూన్ ఆఖరుకి నీకు విడుదల. జూలై మూడో తారీకు నువ్వు నా గుమ్మంలో ఉండాలి, చెప్తన్నా. నెల రోజులు. పొద్దున్నే లేచి సూర్యలంక సముద్రానికి పోదాం, నీళ్ళల్లో కూర్చుందాం, వచ్చి తిని పడుకుందాం."

"నెలా? ఈయనకి వంట..."

"మీ ఆయనకి అరవై ఆరు. ఇంకెప్పుడు నేర్చుకుంటాడే అన్నం వండుకోటం, పైకి పోయాకా?"

"ఊరుకో, వినపడుద్ది."

"వినపడనీ. నేర్చుకుంటాడు."

హైమావతి ఆ నెల కోసమే బతుకుతోంది అనడం అతిశయోక్తి కావచ్చు గానీ, చీర కొన్నప్పుడు సముద్రం నీళ్ళకు రంగు పోతుందా అని షాపువాణ్ణి అడగడం మొదలుపెట్టింది. పెళ్ళయ్యాక ఆమె ఎవరి కానుపూ ఎవరి ఆపరేషనూ లేకుండా ఎక్కడా నాలుగు రోజులు ఉండలేదు. ఇది అలాంటిది కాదు. ఇక్కడ ఆమెను రమ్మన్నది ఆమె కోసం.

జనవరిలో ఆమె దరఖాస్తు పెట్టుకుంది. జూన్ ముప్పైన పదవీ విరమణ చేస్తున్నాను కనుక, ప్రోగ్రాములోంచి నా పేరూ పాస్‌వర్డూ తీసివేసి నన్ను రిలీవ్ చేయవలసిందిగా కోరుతున్నాను అని. పేరు ప్రోగ్రాములో ఉండగా ఆమెను రిలీవ్ చేయడం కుదరదు. రిలీవైన మనిషి ఖాతా డైరెక్టరీలో మూసేస్తారు, ఆ మరుక్షణం నూట ఎనభై ఆరుగురూ గేటు బయట నిలబడతారు.

ఆ దరఖాస్తు తపాలా విభాగం సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళింది. ఆయన అప్పుడు హైమావతి కాబట్టి, చదివి కళ్ళు ఒత్తుకుని, న్యాయమైన కోరిక, పరిశీలించవచ్చు అని రాశాడు. పరిపాలనాధికారి కూడా చదివి కళ్ళు ఒత్తుకుంది. ఫైలు మెత్తబడి శరభయ్య గారి బల్ల మీదికి చేరి ఆగిపోయింది. ఫిబ్రవరిలో హైమావతి సందర్శకుల చీటీ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది. ఆయన ఎడమ మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"కూర్చోవమ్మా. జండూబామ్ ఉందా బ్యాగులో?"

ఉంది. తీసి ఇచ్చింది.

"ఫైలు చూశాను," అన్నాడు శరభయ్య రాసుకుంటూ. "మనకి వెళ్ళాలనే ఉంది గదా. మెహరు ఎదురుచూస్తా ఉంటది. రాత్రి పడుకుంటే కూడా... లేదులే, రాత్రి నేను మా ఇంట్లో శరభయ్యని. పగలు మాత్రం ఇదే ధ్యాస."

"అయితే సంతకం పెట్టండి సార్."

"ఎలా పెడతాం? పెట్టుకున్నది హైమావతి. పెట్టాల్సింది హైమావతి. తన దరఖాస్తు మీద తానే ఉత్తర్వులు ఇచ్చుకోకూడదని రూలు. రేపు ఆడిటోళ్ళు ఊరుకుంటారా?"

హైమావతి ఆలోచించి చూసింది. ఆయన చెప్పింది సబబుగానే ఉంది. ఆ స్థానంలో తానున్నా అదే చెప్పేది, నిజానికి తానే చెప్పింది.

మర్నాడు ఆమె తొమ్మిదిన్నరకే వచ్చి, గేటు అవతల టీ బడ్డీ దగ్గర శరభయ్యను పట్టుకుంది. ఆయన అప్పటికింకా వేలు పెట్టలేదు. పంచదార దండిగా వేయించుకుని నిండు కప్పు తాగుతున్నాడు.

"సార్, ఇక్కడ మీరు మీరే గదా. ఇక్కడే పెట్టేయండి," అంది ఫైలు చాపి.

శరభయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవరమ్మా నువ్వు? ఆఁ, తపాలా సెక్షనా. చూడమ్మా, బడ్డీ కొట్టు కాడ నేను శరభయ్యనే గానీ సంయుక్త సంచాలకుణ్ణి కాదు. సంచాలకుణ్ణి అవ్వాలంటే లోపలికి వెళ్ళాలి."

"లోపలికి వెళ్తే హైమావతి అయిపోతారు కదండీ."

"మరదే గదా చిక్కు," అని ఆయన కప్పు కింద పెట్టి గేటు వైపు నడిచాడు. వేలు పెట్టిన తరువాత వెనక్కి తిరిగి, ఆమెను చూసి బాధగా తల ఊపాడు.

ఈ చిక్కు విడదీయడానికి ఏప్రిల్లో ప్రధాన కార్యాలయం నుంచి భార్గవి అనే విచారణాధికారిణి వచ్చింది. నెమ్మదస్తురాలు, పనిమంతురాలు. లోపలికి వస్తే తానూ హైమావతి అయిపోయి విచారణ చెల్లకుండా పోతుందని, గేటు బయట సైకిలు షెడ్డులో బల్ల వేయించుకుని కూర్చుంది. ముందుగా మెషిన్ చూసుకునే కొత్త కంపెనీ మనిషిని పిలిపించింది.

"ప్రోగ్రాములో రెండు వరుసలు మార్చడానికి ఎంతసేపు పడుతుంది?"

"అయిదు నిమిషాలండీ."

"మరి మార్చండి."

"మారుస్తామండీ. ఎవరి పేరు పెట్టమంటారు?"

"మెషిన్‌కే ఒక పేరు ఉండాలి కదా."

"ఆ ఫైలు మీ దగ్గరే ఉందండీ. మూడేళ్ళ ఏడు నెలలైంది."

భార్గవి ఆ సంగతి నోట్ చేసుకుని, ఒక సర్క్యులరు పంపింది. తమ పేరూ పాస్‌వర్డూ స్వచ్ఛందంగా ఇవ్వదలచినవారు వారంలోగా తెలియజేయాలి. కార్యాలయం వేళల్లో జవాబు రాసేదంతా హైమావతే కాబట్టి, నూట ఎనభై ఆరుగురూ నా పేరు ఇస్తాను అని హైమావతి పేరే ఇచ్చారు. ఇలా కాదని భార్గవి సాయంత్రం ఆరింటి తరువాత ఇళ్ళకు ఫోన్లు చేయించింది. ఒక్కరూ ఒప్పుకోలేదు. నా పేరుతో అంతమంది తిరగడమేమిటండీ, రేపు ఎవడేం చేస్తాడో అన్నారు. నా మోకాళ్ళు నాకు కావాలన్నారు. ఒకాయన, నా పేరు పెడితే ఇక ఆఫీసు నడిచినట్టే అని నిజాయితీగా చెప్పాడు.

మే నెలాఖరులో భార్గవి ఒక దారి కనిపెట్టింది. హైమావతిని షెడ్డుకు పిలిచి, స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పింది.

"మీకు రెండు అవకాశాలున్నాయండీ. పేరు ఉంచుకుంటే సర్వీసులో కొనసాగుతారు. ఎన్నాళ్ళని అడక్కండి, మెషిన్‌కు పేరొచ్చే దాకా. రిటైర్ కావాలంటే పేరు ఇక్కడ వదిలి వెళ్ళాలి. ఖాతా మూయం. పేరు సర్వీసులో ఉంటుంది, మనిషి రిలీవ్ అవుతుంది. నిజం చెప్పాలంటే కార్యాలయానికి మనిషి అవసరం ఎప్పుడూ పడలేదు. మూడేళ్ళుగా మీరు విజిటరు కదా."

"పేరు లేకుండా ఎలాగండీ?"

"వాడుకలో ఉంటే కష్టమే. అది నేను ఇంటికి వచ్చి విచారణ చేసి చూస్తాను. వాడుకలో ఉందని తేలితే నేనే ఒప్పుకోను."

ఆ మాట విని హైమావతికి కొంచెం ధైర్యం వచ్చింది.

భార్గవి ఆదివారం ఉదయం వాళ్ళ ఫ్లాటుకు వచ్చింది. హైమావతి పెసరట్లు వేసి పెట్టింది. భార్గవి రెండు తిని, చెయ్యి కడుక్కుని, పుస్తకం తెరిచి వైకుంఠరావును అడిగింది.

"మీరు మీ భార్యను ఏమని పిలుస్తారండీ?"

"పిలవడం ఏముందమ్మా, ఇక్కడే ఉంటుంది కదా."

"దూరంగా ఉన్నప్పుడు?"

"ఇదిగో అంటాను. వినపడకపోతే ఇదిగో నిన్నే అంటాను."

"పేరు పెట్టి?"

ఆయన నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. "పెళ్ళిలో ఓసారి చెప్పించారు, గుమ్మం దగ్గర. మా చెల్లెళ్ళు అడ్డం నిలబడి పేరు చెబితే గానీ లోపలికి రానివ్వమంటేను."

మంచం మీద కూర్చున్న అత్తగారికి ఎనభై ఎనిమిదేళ్ళు. ఆవిడ అమ్మాయ్ అంటుంది. హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోన్లో ఆమె నంబరు అమ్మ అని ఉంది. ఎదురు ఫ్లాటు వాళ్ళు ఆంటీ అన్నారు. పాలవాడు రెండు వందల మూడు అన్నాడు. గ్యాసు పుస్తకం వైకుంఠరావు పేరున ఉంది. డాక్టరు చీటీ మీద వైకుంఠరావు గారి మిసెస్ అని ఉంది. భార్గవి అన్నీ చూసి, అన్నీ రాసుకుని, ఏదో ఒకటి దొరక్కపోతుందా అన్నట్టు అల్మరా మీది స్టీలు డబ్బాలు కూడా తిప్పి చూసింది. వాటి మీద వైకుంఠరావు తల్లి పేరు చెక్కి ఉంది.

"ఎవరూ లేరా అండీ?" అని హైమావతినే అడిగింది చివరికి.

"ఒక్కతి ఉంది. బాపట్లలో. హైమా అంటుంది."

"రోజూనా?"

"నెలకి రెండుసార్లు. ఫోన్లో."

భార్గవి పెన్ను ఆపి కిటికీలోంచి కాసేపు చూసింది. ఆమెకూ ఇల్లుంది. ఆ తరువాత రాసింది. గత ముప్పై ఎనిమిదేళ్ళుగా సదరు పేరు గృహమున వాడుకలో లేదు. బాపట్ల నుండి నెలకు రెండు పిలుపులు కలవు. వాటిని పని వేళల్లో కార్యాలయం నంబరుకు మళ్ళించవచ్చును. కావున పేరు అప్పగించుటకు అభ్యంతరం లేదు.

అభ్యంతరం లేదని వైకుంఠరావు కూడా కింద సంతకం చేశాడు.

హైమావతి రెండు రోజులు ఆలోచించింది. పేరు ఉంచుకుంటే బాపట్ల లేదు. పేరు వదిలేస్తే బాపట్ల ఉంది. సముద్రంలో కూర్చోవడానికి పేరెందుకు అనుకుంది. మూడో రోజు వెళ్ళి అప్పగింత పత్రం మీద పోణంగి హైమావతి అని రాసింది. రసీదు అందినట్టుగా మరో కాగితం మీద సంతకం కావాలన్నారు. మొదటి సంతకంతోనే పేరు అయిపోయింది కాబట్టి ఆ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు.

జూన్ ముప్పైన వీడ్కోలు సభ జరిగింది. హైమావతి ఎక్కడికీ వెళ్ళడం లేదు కనుక బ్యానరు మీద ఆమె పేరు వేయడానికి వీల్లేదు. ఒక ఉద్యోగికి వీడ్కోలు అని వేశారు. మాట్లాడినవాళ్ళందరూ కంటతడి పెట్టుకున్నారు. డ్రైవరు, తాను అమ్మ పోయిన మర్నాడు కూడా తపాలా కట్టలు పూర్తిచేసి పంపానని చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు. అది జరిగిన విషయమే, ఆమె అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ముప్పై నాలుగేళ్ళు ఈ కార్యాలయానికి నా జీవితం ధారపోశాను అని శరభయ్య అన్నప్పుడు చప్పట్లు చాలాసేపు మోగాయి. శాలువా ఎవరికి కప్పాలన్న తర్జనభర్జన వచ్చి, హైమావతులందరిలోకీ హోదాలో పెద్ద అని ఆయనకే కప్పారు. ఆమె వెనక వరసలో కూర్చుని జీడిపప్పు బిస్కట్టు తిని, చీటీ గేటు దగ్గర ఇచ్చేసి బస్సెక్కింది.

జూలై మూడున ఆమె సంచి సర్దుకుని స్టేషనుకు వెళ్ళింది. వైకుంఠరావుకూ అత్తగారికీ నెలకు సరిపడా పచ్చళ్ళూ పొడులూ చేసి పెట్టింది. జనరల్ టిక్కెట్టుకు పేరు అక్కర్లేదు, క్యూ కూడా చిన్నదే. తన వంతు వచ్చింది. అప్పుడామె, అక్కడికి వెళ్ళి తలుపు తట్టాక మెహరు లోపల్నుంచి ఎవరూ అంటే ఏం చెప్పాలి అని ఆలోచించింది. రమ్మన్నది హైమావతిని. ఇంకొకరి పిలుపు మీద వెళ్ళి నెల రోజులు తిని కూర్చోవడం మర్యాద కాదు. వెనకాల మనిషి కాస్త తొందరగా కానివ్వండమ్మా అన్నాడు. ఆమె పక్కకు తప్పుకుంది. దారిలో తోటకూర కనిపిస్తే రెండు కట్టలు తీసుకుని ఇంటికి వచ్చింది.

అయిదో తారీకు సాయంత్రం నాలుగింటికి ఇంటి ఫోను మోగింది. ఆమె తోటకూర కాడలు తుంచడం ఆపి, చెయ్యి తుడుచుకుని తీసింది.

"హైమా? ఏమైపోయావే? రెండు రోజుల్నుంచి పండుగప్ప చేప తెచ్చి పెట్టుకుని కూర్చున్నా. నువ్వు తినవు, సరే, నేనైనా తినొద్దా?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వడానికి తనకు హక్కుందో లేదో తేల్చుకోలేక ఆపుకుంది.

"ఆవిడ లేరండీ," అంది. "ఆఫీసులో ఉన్నారు."

"ఇంకా ఆఫీసేంటి? రిటైరైపోయిందిగా అది?"

"ఆవిడ రిటైరవలేదండీ. అయిదున్నర దాకా అక్కడే ఉంటారు. ఆ నంబరుకు చేయండి, ఎవరు తీసినా ఆవిడే మాట్లాడతారు. బాగా మాట్లాడతారు."

"అయిదున్నర తర్వాతో?"

"తర్వాత ఎవరూ ఉండరండీ. మళ్ళీ పొద్దున పదింటికే. ఆవిడ సెలవు పెట్టరు."

 సముద్రం దగ్గరి ఊరు కదా, ఫోన్లో ఏదో గాలి హోరు.

"మీరెవరండీ?" అంది మెహరున్నీసా. "గొంతు అచ్చం దాని గొంతే ఉంది."

"చాలామందికి అలాగే ఉంటుందండీ. నేను ఈ ఇంట్లో మనిషిని."

"సరే అమ్మా. మెహరు చేసిందని చెప్పండి. కోపంగా ఉందని కూడా చెప్పండి."

"చెప్తానండీ," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

"ఇదిగో, ఎవరికి ఫోను?" అన్నాడు వైకుంఠరావు హాల్లోంచి.

"హైమావతి గారికి."

టీవీ గొంతు కొంచెం తగ్గింది. "రాంగ్ నంబరా?"

"కాదు. ఆఫీసుకు చేయమని చెప్పాను."

ఆయన ఆ పేరు ఎక్కడో విన్నట్టుందే అని కాసేపు గుర్తు చేసుకోబోయి, మానేసి, నాలుగు దాటిందిగా, టీ పెట్టమన్నాడు.